సౌండ్ బాక్సులు కొనేవాళ్లలో నేను రోజూ చూసే అపోహలు

పర్లాకిమిడిలో స్పీకర్లు అమ్మడం, ఇళ్లల్లో బిగించడం నా పని. కొట్టుకి ఇక్కడి ఒడియావాళ్లూ వస్తారు, పాతపట్నం వైపు నుంచి మనవాళ్లూ వస్తారు. భాషలు వేరైనా అపోహలు మాత్రం ఇద్దరివీ ఒకటే.

అపోహ: "ఎవరి చెవి వాళ్లది, దీనికి సైన్స్ ఏటి బావూ?"

పాట ఏది నచ్చుతుందో ఎవరిష్టం వాళ్లది, అందులో నేను వేలు పెట్టను. స్పీకరు సంగతి వేరు. 1980లలో కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ అనే ఆయన ఏ స్పీకరు మోగుతోందో కనబడకుండా తెర కట్టి, అన్నిటి వాల్యూమూ సమానం చేసి, జనం చేత మార్కులు వేయించాడు. వినికిడి బాగున్నవాళ్లు చాలావరకు ఒకే రకం స్పీకర్లకి ఎక్కువ వేశారు: బాస్ అనే లావు శబ్దం నుంచి ట్రెబుల్ అనే సన్న శబ్దం దాకా ఎగుడుదిగుళ్లు లేనివి, పక్కలకి వెళ్లే శబ్దం కూడా ఎదురుగా వచ్చేదాని తీరులోనే ఉండేవి. ఎవరి చెవి వాళ్లదే అయితే ఆ మార్కులు చెల్లాచెదురుగా రావాలి కదా?

అపోహ: "కళ్లారా చూసి, చెవులారా విని కొంటాం, మాకేం మోసం?"

అసలు చిక్కు ఆ కళ్లతోనే. 1994లో టూల్, ఆయనతో పనిచేసే షాన్ ఆలివ్ కలిసి ఒక స్పీకర్ల కంపెనీ ఉద్యోగులకే ఒకసారి తెర వెనక, ఒకసారి ఎదురుగా చూపిస్తూ అవే స్పీకర్లు వినిపించారు. చాటున బాగానే మార్కులొచ్చిన చిన్న, చవక సెట్టుకి కనబడగానే తగ్గిపోయాయి. ఇంకా తమాషా ఏంటంటే, స్పీకరుని గదిలో ఇంకో చోటికి జరిపితే చాటున విన్నప్పుడు మార్కులు మారాయి, చూస్తూ విన్నప్పుడు ఆ తేడా అంతగా పట్టలేదు, అంటే పేరూ సైజూ చూశాక చెవి సగం పని మానేసిందన్నమాట. రోజూ ఇదే పనిలో ఉండేవాళ్లే అలా చేస్తే, శుభలేఖలు పంచుతూ మధ్యలో కొట్లోకి వచ్చినవాళ్లని ఏమంటాం!

వాల్యూమ్ సమానం చేయడం కూడా ఊరికే కాదు. సౌండు తక్కువగా ఉంటే మన చెవికి బాస్ సరిగా ఆనదని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. అందుకే రెండు బాక్సుల్లో ఒకటి కాస్త గట్టిగా మోగితే అదే "నిండుగా" ఉందంటారు. లాభం ఎక్కువొచ్చే బాక్సుకి నాబ్ ఇంకొంచెం తిప్పే కొట్లు ఉన్నాయి, మా లైనువాళ్లకి కోపం వచ్చినా సరే చెప్తున్నా.

అపోహ: "ఒడియావాళ్లకి బాస్ కావాలి, తెలుగోళ్లకి గొంతు కావాలి."

రథయాత్రకి, పెళ్లి ఊరేగింపుకి కట్టే డీజే బాక్సులు చూసి అనే మాట ఇది. అక్కడ రెండు వైపులా దద్దరిల్లించేవాళ్లే, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆలివ్ బృందం హెడ్‌ఫోన్లతో కెనడా, అమెరికా, జర్మనీ, చైనాల్లో పరీక్ష చేస్తే దేశం మారినా ఇష్టాలు చాలా దగ్గరగానే వచ్చాయి. తర్వాత వాళ్లే చేసిన ఇంకో పరిశోధనలో 64 శాతం మంది ఒకే రకం సమతూకాన్ని మెచ్చారు, 15 శాతం ఇంకాస్త బాస్ అడిగారు, 21 శాతం తగ్గించమన్నారు. పెంచమన్నవాళ్లలో కుర్రాళ్లు ఎక్కువ, తగ్గించమన్నవాళ్లలో ఆడవాళ్లు, యాభై దాటినవాళ్లు ఎక్కువ. కాబట్టి ఇంటికి సెట్టు కొనేటప్పుడు కొడుకుని ఒక్కణ్నే పంపకండి.

అపోహ: "రేటు ఎక్కువైతే సౌండూ బాగుంటుంది."

2017లో 283 హెడ్‌ఫోన్లు కొలిచి చూస్తే, ధరకీ అవి మోగే తీరుకీ సంబంధం దొరకలేదు. అంతే.

కొట్లో రెండిటినీ పోల్చేటప్పుడు ఒకే పాట పెట్టించండి, ఫోనులో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని రెండిటి వాల్యూమూ సమానం చేయించండి, అటు తిరిగి కూర్చుని ఏది మోగుతోందో చెప్పొద్దనండి. ఇంటికి తెచ్చాక గోడ మూలకి నొక్కి పెట్టకండి, మన స్లాబ్ గదుల్లో మూలన పెడితే బాస్ ఉబ్బి గొంతుని మింగేస్తుంది, అప్పుడు మళ్లీ నా దగ్గరికొచ్చి బాక్సు బాలేదంటారు.