పాత రోలర్ కోస్టర్ ఎక్కొచ్చా? రైడ్లు తనిఖీ చేసేవాడు చెప్పే అపోహలు - వాస్తవాలు

ఎండాకాలం సెలవులు దగ్గర పడితే చాలు, నా ఫోను మోగడం మొదలవుతుంది. కావలి నుంచి ఒక హెడ్మాస్టరు, కందుకూరు నుంచి మా పెద్దమ్మ కోడలు, ఆత్మకూరు బస్టాండు దగ్గర టూర్ బస్సులు తిప్పే కుర్రాడు. అందరూ అడిగేది ఒకటే. "అనా, పిల్లోళ్ళని మద్రాసు తీసకపోతా ఉండాం. ఆడ రోలర్ కోస్టర్ బాగా పాతదైపోయిందంట, పీకేస్తారంట. ఎక్కించొచ్చా?"

ఈ ఏడు దీనికి వాట్సాప్‌లో ఒక వీడియో కూడా తోడైంది. ఎత్తైన కోస్టర్ కింద ఉక్కు స్తంభం అడ్డంగా పగిలి ఉంటుంది. బండి పోయినప్పుడల్లా ఆ పగులు తెరుచుకుని మూసుకుంటుంది. కింద "మొన్న చెన్నైలో" అని రాసి వదిలారు. అది చెన్నై కాదు, మొన్నటిదీ కాదు. అమెరికాలో కెరోవిండ్స్ అనే పార్కు, ఫ్యూరీ 325 అనే కోస్టర్, 2023 జూన్ 30. పగులు చూసి వీడియో తీసింది అక్కడికొచ్చిన ఒక సందర్శకుడు. రైడ్ ఆపేసి, స్తంభం మార్చి, ఆగస్టులో మళ్ళీ నడిపారు. ఇదంతా ఫార్వర్డ్ చేసిన మహానుభావుడికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. పోనీ, వీడియో చూసి భయపడ్డవాళ్ళయినా అసలు సంగతి పట్టుకోలేదు. ఆ కోస్టర్ 2015లో మొదలైంది. పగిలేనాటికి దాని వయసు ఎనిమిదేళ్ళు.

నేను చేసేది ఎన్డీటీ పని, అంటే ఇనుముని పాడుచేయకుండా లోపలి లోపాలు పట్టుకునే పరీక్షలు. కృష్ణపట్నం పోర్టులో క్రేన్ల వెల్డింగులు చూడడంతో మొదలుపెట్టి ఇప్పుడు పార్కుల్లో రైడ్లు, ఎగ్జిబిషన్లలో జెయింట్ వీల్స్, పడవలా ఊగే కొలంబస్‌ల దాకా వచ్చాను. వెల్డింగులో కంటికి కనబడని పగులు ఎక్కడుందో వెతకడమే నా బతుకుతెరువు. అందుకే ఈ పాత, కొత్త గొడవ వింటే నాకు చిరాకేస్తుంది.

అపోహ: పాతదంటే ప్రమాదం, కొత్తదంటే భద్రం

జనానికీ యజమానులకీ అందరికంటే ఎక్కువ నష్టం తెచ్చేది ఈ నమ్మకమే కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్తాను.

ఇనుముకి ఏళ్ళ లెక్క ఒక్కటే చాలదు. ఎన్నిసార్లు బరువు పడింది, ఎన్నిసార్లు తీసేశారు అన్నది ముఖ్యం. సెంట్రింగ్ పనివాళ్ళు బైండింగ్ వైరు తుంచడం చూసే ఉంటారు. కటింగ్ ప్లేయరు చేతిలో లేకపోతే అటూ ఇటూ నాలుగైదు సార్లు వంచుతారు, పుటుక్కున తెగుతుంది. ఆ తీగ నిన్న కొన్నదా, నిరుడు కొన్నదా అన్నదానితో పని లేదు. ఫెటీగ్ అంటే అదే. ట్రాకు మీద బండి పోయిన ప్రతిసారీ కింద వెల్డింగుకి ఒక వంపు పడినట్టే. రెండు నిమిషాలకో బండి, రోజుకి ఎనిమిది గంటలు, ఏడాదికి మూడొందల రోజులు వేసుకోండి. ఏడాదికి 72,000 సార్లు.

డిజైన్ చేసేవాళ్ళకి ఇది తెలుసు. అమెరికా వాళ్ళ ఏఎస్‌టీఎం ప్రమాణం ప్రకారం రైడ్ ప్రధాన నిర్మాణాన్ని కనీసం 35,000 గంటల నడకకి తట్టుకునేలా డిజైన్ చేయాలి. పై లెక్కనే చూస్తే ఏడాదికి 2,400 గంటలు, అంటే పద్నాలుగేళ్ళు దాటి చిల్లర. "అయితే పదిహేనో ఏట తుక్కుకి వేయాల్సిందేగా?" అంటారు. కాదు. 35,000 గంటలు నిండిన మర్నాడు ఏదీ కూలిపోదు. అక్కణ్ణుంచి తనిఖీలు దగ్గర దగ్గరగా చేయాలి, లెక్కలు మళ్ళీ వేయాలి, అలిసిపోయిన భాగాలు మార్చాలి. ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు పెట్టే యజమాని చేతిలో ఉన్న పాత రైడ్‌కి నేను భయపడను.

మెల్బోర్న్ లూనా పార్కులో సీనిక్ రైల్వే 1912లో మొదలైంది. న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో సైక్లోన్ 1927 నాటిది. రెండూ చెక్క కోస్టర్లు. అంటే 1927 నాటి చెక్క మీద ఇవాళ బండి నడుస్తోందని అనుకోకండి. చెక్క కోస్టర్‌లో పలకలు, పట్టాలు విడతలు విడతలుగా మారుస్తూనే ఉంటారు. డిస్నీలాండ్ స్పేస్ మౌంటెన్ 1977లో తెరిచారు. 2003లో మూసి, ట్రాకు మొత్తం కొత్తది వేసి 2005లో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు దాని వయసెంతో మీరే చెప్పండి.

ఇక కొత్తవాటి సంగతి. ఇంగ్లండులో ఆల్టన్ టవర్స్ పార్కులో స్మైలర్ అనే కోస్టర్ 2013లో వచ్చింది. 2015 జూన్ 2న జనమున్న బండి పోయి ట్రాకు మీద ఆగి ఉన్న ఖాళీ బండిని గుద్దింది. 16 మందికి గాయాలు, ఇద్దరికి కాళ్ళు తీసేయాల్సి వచ్చింది. ఇనుము విరగలేదు, చక్రం ఊడలేదు. ముందు బండి ఉందని కంప్యూటర్ సరిగ్గానే ఆపింది. ట్రాకు ఖాళీగా ఉందనుకుని మనుషులు కంప్యూటర్ మాట పక్కనపెట్టి బండిని నడిపారు. రెండేళ్ళ రైడ్ అది.

దీనికి ఎదురుగా జపాన్ ఉదాహరణ పెడతాను. ఒసాకా ఎక్స్‌పోలాండ్‌లో నిలబడి ఎక్కే కోస్టర్, 1992 నాటిది. 2007 మే 5న చక్రం ఇరుసు విరిగి ఒక అమ్మాయి చనిపోయింది. అన్ని ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఇరుసు మార్చలేదు. చూశారా, అదీ పాతదే అంటారేమో. పాతదైనందుకు కాదు, మార్చాల్సింది మార్చనందుకు విరిగింది. పార్కు తర్వాత తేరుకోలేదు, మూతపడింది.

ఈ నమ్మకం మన దగ్గర చేసే చెరుపు ఇంకో రకంగా ఉంటుంది. మన యజమానులు దాన్ని రంగుతో సొమ్ము చేసుకుంటారు. జనం పాతదంటే ఎక్కరు కాబట్టి ప్రతి సీజనుకీ ఎర్రరంగు, పచ్చరంగు దట్టంగా పూస్తారు. నా పనికి అంతకు మించిన అడ్డు లేదు. వెల్డింగు పగిలినప్పుడు దాని మీది రంగు సన్నగా చీలి, ఆ చీలికలోంచి తుప్పు గీత కారుతుంది. దూరం నుంచే చూపించే గుర్తు అది. పైన ఇంకో కోటింగు వేస్తే గుర్తు మాయం, పగులు మాత్రం లోపల అట్టాగే ఉంటుంది. డీపీ చేయాలంటే, అంటే పగుళ్ళలోకి ఎర్ర ద్రవం ఇంకించి, పైన తెల్లటి డెవలపర్ చల్లి గీతలు చూసే పరీక్ష చేయాలంటే, నేను రంగు గీకాలి. "నిన్ననే వేయించా సార్, గీకొద్దు" అని బతిమాలినవాళ్ళున్నారు, కసిరినవాళ్ళూ ఉన్నారు.

ప్రకాశం జిల్లాలో హైవే పక్కన చిన్న పార్కు నడిపే ఒకాయన ఉన్నాడు. పేరు వద్దు, మంచి మనిషే. ఆయన దగ్గర పిల్లల డ్రాగన్ కోస్టర్ ఒకటి ఉండేది. చూడ్డానికి దరిద్రంగా ఉండేది గానీ, ఏ బేరింగ్ ఎప్పుడు మార్చారో, ఏ వెల్డింగు ఎవరు చేశారో రాసిన నోటు పుస్తకం ఉండేది. ఆ పుస్తకం చూస్తే నాకు సగం పని అయిపోయేది. "పాతదని జనం ఎక్కట్లేదబ్బా" అని దాన్ని తుక్కు కింద తూకానికి అమ్మి, ఎక్కడో మూతపడ్డ పార్కు నుంచి మెరిసిపోయే సెకండ్ హ్యాండ్ కోస్టర్ తెచ్చాడు. మాన్యువల్ లేదు, లాగ్ బుక్ లేదు, తయారుచేసిన కంపెనీ పలక కూడా ఊడదీసి ఉంది. చక్రాలు బిగించే బ్రాకెట్ల దగ్గర రంగు గీకి డీపీ కొట్టాను. డెవలపర్ చల్లగానే తెల్లటి పూత మీద ఎర్రగీతలు తేలాయి, ఒకటి కాదు. ఆయన మొహం చూడలేకపోయాను. ఆ సీజనంతా రైడ్‌కి పట్టా కప్పే ఉంచాల్సి వచ్చింది. కొత్త బ్రాకెట్లు చేయించడానికి డ్రాయింగులు కూడా లేవు. ఉన్న దాన్నే బాగుచేసుకుని ఉంటే అందులో నాలుగో వంతు ఖర్చుతో పోయేది.

జనం వైపు నుంచి చూసినా అంతే. రొట్టెల పండగప్పుడు దర్గా దగ్గర ఒక తల్లి నన్ను ఆపి, మద్రాసు పార్కులో కోస్టర్‌కి పిల్లాణ్ణి పంపనంటే పంపనని చెప్పింది. అంతలో ఆ పిల్లాడే పక్కన ఎగ్జిబిషన్‌లో కొలంబస్ దిగి వస్తున్నాడు. ఆమె భయం నాకు అర్థమవుతుంది, నాకూ పిల్లలున్నారు. కానీ ఒక చోట పాతుకుని, రోజూ పొద్దున్నే ఖాళీ బండి తిప్పి చూసే పార్కు కోస్టర్ కంటే, వారం వారం ఊరు మారే రైడ్‌ని ఎక్కువ అనుమానించాలి. విప్పడం, లారీలో వేయడం, మళ్ళీ బిగించడం. విప్పిన ప్రతిసారీ పిన్ను పోయే రంధ్రం కొద్దికొద్దిగా అరిగి కోలగా మారుతుంది. పిన్ను లూజవుతుంది, దెబ్బ తగిలినట్టు బరువు పడుతుంది. అన్ని ఎగ్జిబిషన్ రైడ్లూ చెడ్డవని అనడం లేదు, శ్రద్ధగా బిగించేవాళ్ళు నాకు తెలుసు. కొలంబస్‌కి వేసిన కొత్త రంగు చూసి ధైర్యం తెచ్చుకోవద్దంటున్నాను. 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియా దగ్గర లోలకంలా ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు చనిపోయారు. ఆ రైడ్ ఏ సంవత్సరానిదని ఎక్కేముందు అడిగినా లాభం ఉండేది కాదు.

మరి ఏం చూడాలి? ఎగ్జిబిషన్లో అయితే కిందికి చూడండి, పైకి కాదు. జాకీల కింద పెట్టిన చెక్క దుంగలు సమంగా ఉన్నాయా, వానకి మట్టి జారిందా. పిన్నులకి క్లిప్పులున్నాయా, లేక తీగ ముక్క చుట్టారా. తీగ ముక్క కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. మనిషిని సీట్లో పట్టి ఉంచే ప్రతి బారునీ ఆపరేటర్ చేత్తో లాగి చూస్తున్నాడా, ఫోన్ చూస్తున్నాడా. పార్కులో అయితే రోజువారీ తనిఖీ రిజిస్టరు ఉందా అని స్కూలు వాళ్ళు ధైర్యంగా అడగొచ్చు. రైడ్ల భద్రత మీద మనకి ఐఎస్ 15475 అనే కోడ్ ఉంది. దాని పేరెత్తి అడిగి చూడండి. బాగా నడిపేవాడు రిజిస్టరు తెచ్చి చూపిస్తాడు. ఇంకోడు "మా రైడ్లన్నీ కొత్తవండీ" అంటాడు. ఆ జవాబు వస్తే మటుకు నాకు ఫోన్ చేయండి.

మనది సముద్రపు గాలి కాబట్టి ఇంకో మాట. మైపాడు దగ్గర ఇంటి గేటు ఎట్టా తుప్పు పడుతుందో మనకి తెలుసు. కోస్టర్ స్తంభాలు చాలావరకు బోలు గొట్టాలు. లోపలికి తేమ చేరితే లోపలినుంచే తింటుంది, బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. దానికి శబ్ద తరంగాలతో మందం కొలిచే యూటీ పరీక్ష తప్ప మార్గం లేదు. తీరంలో నడిచే పార్కుల్లో వయసు గురించి ఎవరైనా నిజంగా అడగాల్సిన ప్రశ్న ఉంటే అది ఇదే: గొట్టాల మందం చివరిసారి ఎప్పుడు కొలిచారు?

అపోహ: తీసేస్తున్నారంటే లోపల ఏదో దాస్తున్నారు

చాలాసార్లు కారణం డబ్బు, లేకపోతే స్థలం. ఢిల్లీ అప్పూ ఘర్ 1984లో వచ్చి 2008లో మూతపడింది, స్థలం వేరే అవసరాలకి పోయింది. అమెరికాలో 456 అడుగుల కింగ్డా కా అనే కోస్టర్‌ని 2005లో తెరిచి, 2025 ఫిబ్రవరిలో పేలుడు పెట్టి కూల్చారు. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు, కొత్త రైడ్‌కి చోటు కావాలన్నారు. విడిభాగాలు దొరక్క మూసేవీ ఉంటాయి. 1959లో డిస్నీలాండ్‌లో మ్యాటర్‌హార్న్ అనే కోస్టర్‌కి ఉక్కు గొట్టాల ట్రాకు వేసి ఆ పద్ధతికి దారి వేసిన యారో కంపెనీయే 2001లో దివాలా తీసింది. అట్టాంటి కంపెనీ చేసిన కోస్టర్ ఉన్నవాళ్ళు ప్రతి భాగమూ ఆర్డరిచ్చి చేయించుకోవాల్సిందే. కంట్రోల్ ప్యానెల్‌లో రైడ్‌ని నడిపించే పాత పీఎల్‌సీ కంప్యూటర్ పోయినా అదే కథ. కూల్చకుండా కాపాడే దారులు కూడా ఉన్నాయి. టెక్సస్ జెయింట్ 1990 నాటి చెక్క కోస్టర్. చెక్క నిర్మాణం ఉంచి, పైన ఉక్కు ట్రాకు వేసి 2011లో మళ్ళీ తెరిచారు. ముందుకంటే పేరొచ్చింది. మన పార్కులవాళ్ళు ఈ లెక్క వేయకుండా నేరుగా తుక్కు వ్యాపారిని పిలుస్తారు.

అపోహ: మధ్యలో ఆగిపోయిందంటే చెడిపోయింది

చెడిపోయి ఉండొచ్చు, కానీ ఆగడం మంచిదే. ఒక భాగంలో బండి ఉన్నంతసేపు వెనక బండిని అందులోకి రానివ్వకుండా బ్లాక్ బ్రేకులు పట్టేస్తాయి. 2024 ఆగస్టులో కోనీ ఐలాండ్ సైక్లోన్ బండి పైకి ఎక్కేటప్పుడే ఆగింది, జనాన్ని నడిపించి దించారు. చూస్తే చైన్ తిప్పే పళ్ళ చక్రం, అదే స్ప్రాకెట్‌లో పగులు. ఆగకుండా ఉంటేనే భయపడాలి. ఆగినప్పుడు బారు కింద నుంచి జారి దిగబోయేవాళ్ళే అసలు ప్రమాదం తెచ్చుకుంటారు.

అపోహ: ఎక్కేటప్పుడు టకటకమనే చప్పుడు ఏదో విరుగుతున్నట్టు

చైన్ తెగినా బండి వెనక్కి జారకుండా పళ్ళలో పడే యాంటీ రోల్‌బ్యాక్ చప్పుడు అది. వినబడనివ్వండి.

అపోహ: లూపులో తలకిందులైతే పడిపోతాం

చక్రాలు ట్రాకు పైనా, పక్కనా, కిందా మూడు వైపులా పట్టుకుని ఉంటాయి. ఇంతకంటే దీని గురించి చెప్పను.

అపోహ: ఎత్తు కొలత టిక్కెట్ల కోసం పెట్టిన పేచీ

కొలబద్ద దగ్గర పిల్లాడి మడమలు ఎత్తించే నాన్నలు, "నా ఒళ్ళో కూచోబెట్టుకుంటాలే" అని ఆపరేటర్‌తో తగువు పెట్టుకునే మేనమామలు ప్రతి పార్కులో కనబడతారు. కుర్రాడు ఏడుస్తుంటే ఆపరేటర్ కూడా మెత్తబడతాడు. ఒడి మీదికి దిగే లాప్ బారు మొదట తగిలిన తొడ దగ్గర ఆగిపోతుంది. పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుంటే అది మీ తొడ దగ్గర ఆగుతుంది. పిల్లాడికీ బారుకీ మధ్య జానెడు ఖాళీ మిగులుతుంది. మొదటి దిగుడులో సీటు మీంచి పైకి లేచినప్పుడు వాణ్ణి పట్టుకుని ఉండేది మీ చేతులు మాత్రమే.