పాత డబుల్ బ్యారెల్ తుపాకులు: అపోహలు - వాస్తవాలు

పాత తుపాకుల మరమ్మతు నా వృత్తి. తాతల నాటి డబుల్ బ్యారెల్ ఏ ఇంట్లో బయటికి తీసినా దాని వెంట ఒక కథ వస్తుంది. ఆ కథలంటే నాకు ప్రాణం. అందుకే అవి ఎంతవరకు నిజమో తుపాకీ మీదే వెతుకుతాను.

అపోహ: బ్యారెళ్ళ మధ్య పట్టీ మీద ‘మాంటన్, కలకత్తా’ అని ఉంటే అక్కడే తయారైనట్టు.

మాంటన్, రోడ్డా లాంటి కలకత్తా కంపెనీల పేరుతో అమ్మిన చాలా తుపాకులు ఇంగ్లండులో తయారై వచ్చినవే. బ్యారెళ్ళు విడదీసి అడుగున ప్రూఫ్ ముద్రలు, అంటే పేల్చి పరీక్షించాక కొట్టిన గుర్తులు, చూడండి. కిరీటం కింద బి.పి. అక్షరాలుంటే 1904 తర్వాత బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినది. కోడిగుడ్డు ఆకారంలో ఇ.ఎల్.జి. ఉంటే బెల్జియంలోని లియేజ్‌ది. ఇంట్లో అందరూ ‘లండన్ తుపాకీ’ అనుకున్నది లియేజ్‌ది అని తేలితే చిన్నబోనక్కర్లేదు. అక్కడి పనివాళ్ళు ఎవరికీ తీసిపోరు.

అపోహ: పట్టీ మీద బంగారు ‘2’ ఉంటే రెండో రకం సరుకు.

అది జోడులో రెండోది. ఇంగ్లండు వేటల్లో దొర ఒక తుపాకీ కాలుస్తుంటే పక్క మనిషి రెండోది నింపి అందించేవాడు. చేతులు మారినా తేడా తెలియకుండా రెండింటినీ ఒకే బరువుకు, ఒకే కొలతకు చేసేవారు. అన్నదమ్ముల పంపకాల్లో చెరొకరికీ వెళ్ళిపోయిన జోళ్ళున్నాయి. ‘2’ కనిపిస్తే ‘1’ ఎవరింట్లో ఉందో ముందు అడగండి. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ అనే లండన్ తుపాకీ కంపెనీల దగ్గర పాత లెడ్జర్లు భద్రంగా ఉన్నాయి. సీరియల్ నంబరును బట్టి మొదట ఎవరి కోసం చేశారో వాటిలో వెతకొచ్చు.

ఇక భుజానికి ఆనించే చెక్క బట్. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. కుడిచేతి వాళ్ళకైతే కొంచెం కుడికి, ఎడమచేతి వాళ్ళకైతే ఎడమకి వంచి చేస్తారు. చివర వేరే చెక్క అతికించి ఉంటే, తర్వాత వచ్చిన యజమానికి చేతులు పొడవన్నమాట. అడుగున చిన్న వెండి బిళ్ళ మీద పొడి అక్షరాలుంటే చూడండి, ఇంటి పెద్దల పేర్లతో కలవకపోవచ్చు. అలాంటప్పుడు దానికి ఇంకో యజమాని ఉన్నట్టే.

అపోహ: డమాస్కస్ బ్యారెల్ అంటే పేలిపోయేదే.

ఇనుము, ఉక్కు కడ్డీలను మెలిపెట్టి, చుట్టి, కొలిమిలో అతికించిన బ్యారెల్ అది. ఆ అల్లిక చూసి బెదిరిపోవద్దు, అందం చూసి నమ్మేయనూ వద్దు. అసలు ప్రమాదం లోపలి తుప్పు గుంటలు, పలచబడ్డ గోడలు. పైగా చాలావాటిని పాతకాలపు తుపాకీ మందు (బ్లాక్ పౌడర్)కే పరీక్షించారు, ఇప్పటి మందుకు కాదు. ఇంకో చిక్కు, తూటా పెట్టే 65 మి.మీ. గదిలో (చాంబర్) 70 మి.మీ. తూటా సులువుగా దూరుతుంది. ఎందుకంటే ఆ కొలత పేల్చాక విచ్చుకున్న పొడవుది. పేల్చితే తూటా మూతి విచ్చుకునే చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది. తెలిసినవాళ్ళు కొలిచి చెప్పేదాకా పేల్చనే వద్దు.

అపోహ: పాలిష్ పెడితే రేటు పెరుగుతుంది. నిజానికి చెక్కడాలూ ముద్రలూ అరిగి రేటు తగ్గుతుంది. ఎమరీ కాగితం దగ్గరికి రానివ్వకండి.

అపోహ: పాతదానికి లైసెన్సు అక్కర్లేదు. నిజానికి పేలగలిగినా, బాగుచేస్తే పేలేదైనా 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాల్సిందే. యజమాని పోతే, వారసుల పేరున లైసెన్సు వచ్చేదాకా తుపాకీని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి.