నామినీ అంటే సొంతదారు కాదు: నాన్నగారి ఫండ్లు, షేర్ల గురించి అపోహలు - వాస్తవాలు

"నాన్న మ్యూచువల్ ఫండ్ ఖాతాలో నామినీగా అన్నయ్య పేరుందండీ. ఇక మాకేమీ రాదటగా?" పెద్దకర్మ అయ్యీ అవగానే మా ఆఫీసుకు వచ్చే ఆడపిల్లలు అడిగేది ఇదే. ఎవరు చెప్పారమ్మా అంటే ఒక బాబాయో, పక్కింటాయనో. తెలియని సంగతి తెలియదని ఊరుకోవచ్చు కదా, ఏడుస్తున్న ఇంట్లో ఈ తీర్పులెందుకు?

అపోహ: నామినీకే అంతా సొంతం.

వాస్తవం: ఫండ్ యూనిట్లయినా, డీమ్యాట్ ఖాతాలో ఎలక్ట్రానిక్‌గా ఉండే షేర్లయినా నామినీ వాటిని వారసుల తరఫున అందుకునే మనిషి మాత్రమే. ఎవరి వాటా ఎంతో వీలునామా చెబుతుంది. అది లేకపోతే వారసత్వ చట్టం చెబుతుంది. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో ఈ సంగతే తేల్చింది. హిందూ కుటుంబంలో తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన స్వార్జితంలో 1956 చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. పెళ్లయిన కూతురికీ అంతే. ఆయన తల్లి బతికుంటే ఆవిడకూ అంతే.

ఈ చివరి మాట చాలామందికి తెలియదు. నామినీగా ఉన్న ఒకబ్బాయి యూనిట్లు తన పేరు మీదికి మార్పించుకుని, అమ్మేసి, ఇంటి అప్పు తీర్చేశాడు. చెల్లెలి లాయరు నోటీసు వచ్చాక దాన్ని నా బల్ల మీద పరిచి, నాయనమ్మ పేరున్న వరుస మీద వేలు పెట్టి "ఈవిడకీనా సార్?" అన్నాడు. అతనిది దురాశ కాదు. ఎవరూ చెప్పలేదు, అంతే. అప్పటికే అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు.

జీవిత బీమాలో 2015 సవరణతో లబ్ధిదారు నామినీ, అంటే డబ్బు తనకే సొంతమయ్యే నామినీ, అని వేరే నిబంధన వచ్చింది. దాన్ని తెచ్చి ఫండ్లకు అంటగట్టకండి.

అపోహ: నాన్న ఫోన్ మన దగ్గరే ఉంది, ఓటీపీతో అమ్మేయొచ్చు.

వాస్తవం: వద్దు. పోయినవారి పేరుతో లావాదేవీ చేస్తే మిగతా వారసుల ముందు దోషిగా నిలబడాలి. మరణ ధ్రువీకరణ పత్రం, పాన్, కేవైసీ, క్యాన్సిల్ చేసిన చెక్కు పెట్టి ట్రాన్స్‌మిషన్, అంటే పోయినవారి పేరు నుంచి మార్పు, అడగండి.

అపోహ: పేరు మారగానే పన్ను.

వాస్తవం: ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. పన్ను మీరు అమ్మినప్పుడే. అప్పుడు నాన్నగారు కొన్న ధర, కొన్న తేదీ లెక్కలోకి వస్తాయి. ఆ పాత స్టేట్‌మెంట్లు పారేయకండి.

అపోహ: నామినీ లేకపోతే డబ్బు పోయినట్టే.

వాస్తవం: పోదు. కాగితాలు పెరుగుతాయి. డీమ్యాట్‌లో 15 లక్షల వరకు సులభ పద్ధతి ఉంది. అది దాటితే కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ లాంటివి కావాలి.

నామినీలకు ఒక్క మాట. మీ పేరుకు వచ్చినవాటిని ముట్టుకోకముందే అందరూ కూర్చుని వాటాలు కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోండి. నామినీ నుంచి వారసులకు మార్చేటప్పుడు పన్ను చిక్కు రాకుండా మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ టీఎల్‌హెచ్ (ట్రాన్స్‌మిషన్ టు లీగల్ హెయిర్స్) అనే కోడ్ తెచ్చింది, 2026 జనవరి నుంచి అమలు. ఫారం ఇచ్చేటప్పుడు ఆ కోడ్ పేరు చెప్పి అడగండి.