పొడి అయ్యే తూటా: ఫ్రాంజిబుల్ బుల్లెట్లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫ్రాంజిబుల్ తూటా గోడకు తగలగానే పొడైపోతుంది, పక్క గదిలో వాళ్లకు భయం లేదు.

వాస్తవం: ఈ అపోహల్లో ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే. శిక్షణ కోసం అమ్మే ఫ్రాంజిబుల్ బుల్లెట్‌ను రాగి పొడిలో తగరమో పాలిమరో కలిపి, గట్టిగా అదిమి చేస్తారు. ఉక్కు పలకకు తగిలితే పిండిపిండి అవుతుంది. పెద్ద ముక్కలు వెనక్కి ఎగిరి కాల్చేవాళ్లకు తగలకూడదనే దాన్ని అలా చేశారు. అరంగుళం జిప్సం బోర్డుకు అంత గట్టిదనం ఎక్కడిది? అలాంటి బోర్డులతో కట్టిన లోపలి గోడకు రెండు వైపులా ఉన్న బోర్డులనూ దాటి బుల్లెట్ దాదాపు చెక్కుచెదరకుండా అవతలికి పోతుంది. బోలు చెక్క తలుపు సంగతీ అంతే. ఇంట్లో పిల్లలు ఎటు పడుకుంటారో, ఏ వైపు ఎట్టి పరిస్థితుల్లోనూ కాల్చకూడదో ముందే తేల్చుకోండి.

అపోహ: ఒంట్లోకి వెళ్లగానే ముక్కలై, హాలో పాయింట్ (మొనలో గుంత ఉండి, ఒంట్లో విచ్చుకునే బుల్లెట్) కంటే బాగా పనిచేస్తుంది.

వాస్తవం: ఈ పేరుతో రెండు వేర్వేరు సరుకులు దొరుకుతాయి. అదిమిన పొడితో చేసినది మెత్తటి జెల్‌లో (ఒంటి కండకు బదులు పరీక్షకు వాడే జెలాటిన్) సాధారణంగా విడిపోదు, విచ్చుకోదు. సన్నటి దారి చేసుకుంటూ లోతుగా పోతుంది, అవతలికి దూసుకెళ్లే ప్రమాదమూ ఉంది. రెండోది 1970ల్లో వచ్చిన గ్లేసర్ సేఫ్టీ స్లగ్ తరహా: పల్చటి రాగి తొడుగులో సన్నని సీసపు గుండ్లు. ఇది మెత్తటి దాంట్లోనే చిట్లుతుంది, కానీ గుండ్లు తేలిక కాబట్టి పైపైనే ఆగిపోతాయి. 1986లో మయామీలో తన ఏజెంట్లు చనిపోయిన కాల్పుల తర్వాత అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పెట్టుకున్న కొలత ప్రకారం బుల్లెట్ 10 శాతం జెల్‌లో 12 నుంచి 18 అంగుళాల లోతు దిగాలి. ఈ రకం సాధారణంగా 12 కూడా అందుకోదు. మందపాటి కోటో, అడ్డుగా చాచిన చెయ్యో ఉంటే ఇంకా తక్కువ.

అపోహ: మామూలు తూటాల బదులు నేరుగా వేసుకోవచ్చు.

వాస్తవం: 9 ఎంఎంలో మామూలు బుల్లెట్ బరువు 115, 124, 147 గ్రెయిన్లు (ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు), ఫ్రాంజిబుల్ ఎక్కువగా 90 నుంచి 100. ఆ తేలికదనం వల్ల కొన్ని పిస్టళ్లలో స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కి జరిగే పైభాగం) పూర్తిగా వెనక్కి రాక తూటా ఇరుక్కుంటుంది, గురి కూడా మారుతుంది. పైగా ఇది పెళుసు. ఒకే తూటాను రోజూ చాంబర్లోకి (తూటా పేలే అర) ఎక్కించి తీస్తుంటే బుల్లెట్ కేసులోకి (మందు ఉండే లోహపు గొట్టం) దిగబడొచ్చు, లేదా కేసు మూతి దగ్గర బుల్లెట్‌కు వెంట్రుకవాసి పగులు రావొచ్చు. దిగబడిన తూటాను కాలిస్తే లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరగొచ్చు. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూడండి: పొట్టిగా కనబడినా, పగులు ఉన్నా వాడొద్దు.

అపోహ: సీసం లేదు, కాబట్టి ఆరోగ్యానికి హాని లేదు.

వాస్తవం: బుల్లెట్‌లో లేకపోయినా ప్రైమర్లో (తూటా అడుగున మందును అంటించే భాగం) సీసం ఉండొచ్చు. పెట్టె మీద రెండింటి గురించీ రాసి ఉందో లేదో చూడండి. ఉక్కు పలక దగ్గర రాగి ధూళి లేస్తుంది. గాలి ఆడాలి, కళ్లద్దాలు తప్పనిసరి.

దగ్గరి నుంచి ఉక్కు పలకల మీద సాధనకు ఫ్రాంజిబుల్ నిజంగా మంచి సరుకు. ఆత్మరక్షణకు మాత్రం జెల్‌లో పరీక్షించిన హాలో పాయింటే పెట్టుకోండి. రెండింటినీ ఒకే మ్యాగజైన్లో కలపకండి, పెట్టెలు కూడా వేర్వేరు చోట్ల ఉంచండి.