సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం వచ్చేస్తుందా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో సర్వర్లు, క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే కంప్యూటర్లు) చూసుకునే టీమ్‌లో పని చేస్తున్నాను. ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూ ప్యానెల్‌లో నేనూ కూర్చుంటాను. ఊరు వెళ్తే చాలు, బీటెక్ అయిన పిల్లల అమ్మానాన్నలు అడిగేది ఒకటే: "ఏ సర్టిఫికెట్ చేయిస్తే జాబ్ వస్తుంది బాబూ?" కొందరైతే అప్పు తెచ్చి ఫీజు కట్టేశాక అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎన్ని ఉంటే అంత మంచిది.

ఒక అబ్బాయి రెజ్యూమెలో పదకొండు ఉన్నాయి. తొమ్మిది వీడియోలు చూసినందుకో, వెబినార్‌లో కూర్చున్నందుకో ఇచ్చినవి. పరీక్ష రాసి తెచ్చుకున్నవాటిలో ఒకటి అమెజాన్ క్లౌడ్ కంపెనీ ఏడబ్ల్యూఎస్ ఇచ్చే క్లౌడ్ ప్రాక్టీషనర్. "క్లౌడ్‌లో సర్వర్ పెట్టావు. లాగిన్ అవుదామంటే టైమ్ అవుట్ అంటోంది. ముందు ఏం చూస్తావు?" అని అడిగాను. సెక్యూరిటీ గ్రూప్‌లో, అంటే సర్వర్‌లోకి ఎవర్ని రానివ్వాలో చెప్పే నియమాల్లో, లాగిన్‌కి వాడే 22వ పోర్టు తెరిచి ఉందా అన్నది మొదట తట్టాల్సిన మాట. అతను క్లౌడ్ అంటే ఏమిటో నిర్వచనం చెప్పాడు. ఒక్కసారి కూడా సర్వర్ పెట్టి చూడలేదట. తెలివైన పిల్లాడే. పదకొండు సర్టిఫికెట్లకి పంచిన సమయం ఒక్కదాని మీద పెట్టాల్సిందని అతనికి చెప్పేవాళ్లు లేకపోయారు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వాస్తవం: హాజరైనందుకు ఇచ్చే కాగితం వేరు, పరీక్ష రాసి తెచ్చుకున్నది వేరు. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు నడిపే ఎన్‌పీటీఈఎల్‌నే తీసుకోండి. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఫీజు కట్టి సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలి. అలాంటివి ఒకటో రెండో చాలు, మిగతావి రెజ్యూమెలోంచి తీసేయండి.

అపోహ: పరీక్షలన్నీ ఒకటే.

క్లౌడ్ ప్రాక్టీషనర్‌లో 90 నిమిషాల్లో 65 ప్రశ్నలు. ఇచ్చిన జవాబుల్లోంచి ఎంచుకోవడమే. 100 డాలర్ల ఫీజు. పరిచయానికి బాగుంటుంది, అంతవరకే. లైనక్స్ (విండోస్ లాంటిదే, సర్వర్లలో ఎక్కువగా వాడే ఆపరేటింగ్ సిస్టమ్) కంపెనీ రెడ్‌హ్యాట్ వాళ్ల పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అలా కాదు. నిజమైన లైనక్స్ మెషీన్ ముందు కూర్చోబెట్టి యూజర్లను పెట్టమంటారు, డిస్కులు సర్దమంటారు. రీబూట్ చేశాక కూడా మీరు చేసింది నిలబడాలి, లేకపోతే మార్కులు రావు.

అది ఒక్కటే చేసి వచ్చిన అమ్మాయిని అడిగాను: "డిస్క్ నిండింది. పెద్ద లాగ్ ఫైల్ తీసేశావు. అయినా జాగా రాలేదు. ఎందుకమ్మా?"

కాస్త ఆలోచించింది. "ఆ ఫైల్‌ని ఏదో ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, ఇంకా పట్టుకుని ఉంటుంది సార్. అది వదిలేదాకా జాగా రాదు. మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో నాకూ ఇలాగే అయింది."

ఆ చివరి మాటకే ఆమెను తీసుకున్నాం.

అపోహ: డంప్స్ (బయటికి లీకైన అసలు పరీక్ష ప్రశ్నలు, జవాబులు) బట్టీ పట్టి పాసైతే చాలు.

డంప్స్ వాడటం పరీక్ష ఒప్పందానికి విరుద్ధం, దొరికితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు. దొరకకపోయినా ఇంటర్వ్యూలో మూడో ప్రశ్నకి తెలిసిపోతుంది.

అపోహ: ఒకసారి చేస్తే ఎప్పటికీ ఉంటుంది.

ఏడబ్ల్యూఎస్‌వి, నెట్‌వర్కింగ్ కంపెనీ సిస్కో ఇచ్చే సీసీఎన్‌ఏ మూడేళ్లు చెల్లుతాయి. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్‌లో అసోసియేట్ స్థాయివి ఏడాదే, ఆన్‌లైన్‌లో ఉచితంగా రెన్యూ చేసుకోవచ్చు. సెకండియర్‌లో తొందరపడితే ఉద్యోగంలో చేరేసరికి గడువు దగ్గర పడుతుంది. ఫైనలియర్‌లో రాయండి.

అపోహ: అయితే సర్టిఫికెట్లన్నీ దండగ.

ఇదీ తప్పే. పెద్ద క్యాంపస్ డ్రైవ్‌లలో ముందు చూసేది మార్కులు, బ్యాక్‌లాగ్‌లు, ఆప్టిట్యూడ్, కోడింగ్. అక్కడ సర్టిఫికెట్ పెద్దగా పనికిరాదు. కానీ కంపెనీలు రాని కాలేజీ నుంచి ఆఫ్ క్యాంపస్‌లో అప్లై చేసే పిల్లల విషయం వేరు. వాళ్ల రెజ్యూమె ఒకసారి తెరిచి చూడటానికి ఒక మంచి సర్టిఫికెట్ సాయపడటం నేను చూశాను.

ఇంకో కారణం చాలామందికి తెలియదు. ఏడబ్ల్యూఎస్, సిస్కో లాంటి సంస్థల దగ్గర పార్ట్‌నర్ హోదా కావాలంటే కంపెనీలో ఇంతమంది సర్టిఫై అయి ఉండాలని లెక్క ఉంటుంది. అందుకే చాలా కంపెనీలు చేరినవాళ్లకి పరీక్ష ఫీజు తామే కడతాయి. ఖరీదైనవన్నీ నాన్న జేబులోంచి ఇప్పుడే కట్టించక్కర్లేదు.

"వంద శాతం జాబ్ గ్యారంటీ" బోర్డు చూసి డబ్బు కట్టే ముందు ఒక నెల ఆగండి. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) వేసి లైనక్స్ పెట్టండి. రెండూ ఉచితమే. ఒక వెబ్ సర్వర్ నడపండి, మీరే చెడగొట్టండి, మీరే బాగుచేయండి. ఏం చెడింది, ఎలా కుదిరిందీ తేదీ వేసి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. పరీక్ష సంగతి ఆ తర్వాత చూడొచ్చు. ఇంటర్వ్యూకి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ వెంట తెచ్చుకోండి. ప్యానెల్‌లో నేనుంటే ముందు అదే అడిగి తీసుకుంటాను.