రక్తం బాగానే ఉంది, కాళ్ళే ఊరుకోవు

కూర్చుని కాళ్ళు ఊపితే దరిద్రం అంటారు మన ఇళ్ళలో. మా మామ్మ ఆ మాట అని ఊరుకునేది కాదు, మోకాలి మీద ఒక దెబ్బ కూడా వేసేది. రాత్రయితే మాత్రం ఆవిడే పిక్కలకు తువ్వాళ్ళు బిగించి కట్టుకుని పడుకునేది. అయినా నిద్ర పట్టక అర్ధరాత్రి లేచి వసారాలో చల్లటి గచ్చు మీద పచార్లు చేసేది. ఏమైందని అడిగితే "కాళ్ళు పీకుతున్నాయే" అనేది. నాకు నలభై దాటాక ఆ పచార్ల వంతు వచ్చింది.

మేముండేది పర్లాకిమిడిలో. ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం ఇది. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆయన్ను తలుచుకోవడానికి కారణముంది. ఈ జబ్బు వాడుక మాటల్లోనే సరిగ్గా పట్టుబడుతుంది. కాళ్ళు పీకడం, లాగడం, జివ్వుమనడం, ఎముక లోపల చీమలు పాకడం అని చెప్పుకుంటాం. అదే మాట ఆసుపత్రి చీటీలోకి ఎక్కేసరికి "కాళ్ళ నొప్పులు" అయిపోతుంది. దానికి నొప్పి మాత్ర ఇస్తారు, అది పనిచేయదు. ఎందుకంటే ఇది నొప్పి కాదు, కదపకుండా ఉండలేకపోవడం. కూర్చున్నా పడుకున్నా మొదలవుతుంది, లేచి నడిస్తే తగ్గుతుంది, పొద్దువాలే కొద్దీ పెరుగుతుంది. ఈ మూడూ కలిసి వస్తే, పిక్కలు పట్టేయడం, కాళ్ళ వాపు వంటి వేరే కారణం ఏదీ లేకపోతే, దాన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు.

ఇంగ్లండుకు చెందిన థామస్ విల్లిస్ అనే వైద్యుడు 1672లోనే దీన్ని వర్ణించాడు. ఆ రోగులకు పడక చిత్రహింసల గదిలాంటిదని రాశాడు. జబ్బుకు ఇప్పుడున్న పేరు పెట్టింది స్వీడన్ వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్, 1945లో. ఒంట్లో ఇనుము తక్కువైన వాళ్ళలో ఇది ఎక్కువగా కనిపిస్తోందని ఆయన గమనించాడు. 1953లో నార్డ్‌లాండర్ అనే మరో స్వీడన్ వైద్యుడు రక్తనాళంలోకే ఇనుము ఎక్కించి చూశాడు, చాలామందికి కాళ్ళు నెమ్మదించాయి. రక్త పరీక్ష బాగానే ఉన్నా కణజాలాల్లో ఇనుము కొరత ఉండవచ్చని కూడా ఆయన అన్నాడు. ఆ మాట డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా మన ల్యాబు కాగితాలకు ఎక్కలేదు. నా గోడంతా అదే.

హిమోగ్లోబిన్‌ను వండి వార్చిన అన్నం అనుకోండి, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ గాదెలో ధాన్యం. గాదె ఖాళీ అవుతున్నా ఇల్లాలు కుండ నిండుగానే వండుతుంది, వచ్చినవాళ్ళకు కరువు కనిపించదు. శరీరమూ అంతే. మన ఒంట్లో ఉండేదే మూడు నాలుగు గ్రాముల ఇనుము. అందులో దాదాపు మూడింట రెండు వంతులు రక్తం కోసమే. నిల్వ తరిగినా హిమోగ్లోబిన్‌ను చాలాకాలం నిలబెట్టుకొస్తుంది. ఈలోగా మెదడుకు వాటా తగ్గుతుంది. మెదడులో డోపమిన్ తయారుకావాలంటే టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము కావాలి, అది ఇనుము లేనిదే పనిచేయదు. కదలికలను అదుపులో పెట్టే వ్యవస్థకు డోపమిన్ ప్రాణం. పైగా రక్తంలో తిరిగే ఇనుము రాత్రిపూట బాగా తగ్గుతుంది, డోపమిన్ జోరు కూడా సాయంత్రం నుంచి తగ్గుముఖం పడుతుంది. మామ్మ పచార్లకు వేళ అర్ధరాత్రే ఎందుకయిందో ఇప్పుడు కొంత అర్థమవుతోంది. ఈ జబ్బున్న వాళ్ళలో కొందరికి గాదె నిండుగా ఉన్నా మెదడు గడప దాటి ఇనుము సరిగా లోపలికి పోదు. అందుకే అందరికీ పనికొచ్చే కనీస అంకె వీళ్ళకు చాలదు.

నా సంగతే చెబుతాను. హిమోగ్లోబిన్ 12.6. "రక్తం బాగానే ఉందమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు మొదట చూసిన డాక్టరు. రెండేళ్ళు టెన్షన్ తగ్గించుకుంటూ రాత్రంతా నడిచాను. ఆ తర్వాత మరొకరు ఫెరిటిన్ రాశారు. 19 వచ్చింది. ల్యాబువాళ్ళు పక్కన అచ్చువేసిన మామూలు హద్దు 13 నుంచి మొదలవుతోంది కాబట్టి నా అంకె పక్కన చుక్క కూడా పెట్టలేదు. కానీ ఈ జబ్బుకు 2018లో అంతర్జాతీయ నిపుణులు చెప్పిన లెక్క వేరు. ఫెరిటిన్ 75 లేదా అంతకు తక్కువైతే మాత్రలతో మొదలుపెట్టవచ్చు. 100 దాటకుండా, రక్తంలో ఇనుమును మోసే ప్రొటీను ఎంతమేర నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 45 శాతంలోపు ఉంటే నరం ద్వారా ఇనుము ఎక్కించడం గురించి ఆలోచించవచ్చు. అందుకని రెండు పరీక్షలూ అడగాలి. పొద్దున్నే పరగడుపున, ఒకటి రెండు రోజులు ఐరన్ మాత్ర ఆపి ఇవ్వాలి. రిపోర్టులో మిల్లీలీటరుకు నానోగ్రాములని ఉన్నా, లీటరుకు మైక్రోగ్రాములని ఉన్నా అంకె ఒకటే, కంగారు పడనక్కర్లేదు.

జ్వరంలో మాత్రం ఈ పరీక్ష చేయించకూడదు. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ దానంతటదే పెరిగి, గాదె నిండినట్టు అబద్ధం చెబుతుంది. మలేరియా తిరిగే మన్యంలో ఇది చిన్న విషయం కాదు. పక్కనే ఉద్దానంలో కిడ్నీ జబ్బులవాళ్ళున్నారు. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో కాళ్ళ పీకుడు మరీ ఎక్కువ. వాళ్ళ ఫెరిటిన్‌ను కూడా మామూలు లెక్కతో చదవకూడదు, కిడ్నీ డాక్టరే చూడాలి.

దీనికి తిరగేసిన చిక్కు ఇంకొకటి ఉంది. ఒడిశాలో సికిల్ సెల్, తలసీమియా జన్యువులు మోసేవాళ్ళు తక్కువేమీ కాదు. సికిల్ సెల్ నిర్మూలన కోసం కేంద్రం 2023 జూలై 1న ప్రారంభించిన జాతీయ మిషన్‌లో ఈ రాష్ట్రమూ ఉంది. తలసీమియా జన్యువు మోసేవారి రక్తకణాలు చిన్నగా ఉంటాయి, హిమోగ్లోబిన్ కొద్దిగా తగ్గి ఉంటుంది, చూడ్డానికి అచ్చం ఇనుము లోపంలాగే ఉంటుంది. గాదె నిండుగా ఉన్నవాళ్ళకు ఏళ్ళ తరబడి ఐరన్ రాసేస్తారు. తరచూ రక్తం ఎక్కించుకునే జబ్బు మనుషుల్లో అయితే ఇనుము పేరుకుని గుండెకు, కాలేయానికి చేటు చేస్తుంది. శరీరానికి ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి లేదు మరి. కాబట్టి రక్తం తక్కువంటే ఇనుము తక్కువనీ కాదు, రక్తం బాగుందంటే ఇనుము బాగుందనీ కాదు. మా ప్రాంతంలో రెండు తప్పులూ పక్కపక్క వీధుల్లోనే జరుగుతుంటాయి. ఫెరిటిన్‌తో పాటు ఒకసారి హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయిస్తే ఆ ముడి విడిపోతుంది.

తిండి సంగతి క్లుప్తంగా చెబుతాను. బీట్‌రూట్ రంగు చూసి మోసపోకండి, ఎర్రనివన్నీ రక్తం కావు. చోడి (రాగి) అంబలి మంచిదే, పులియబెడితే అందులోని ఇనుము ఇంకాస్త బాగా ఒంటబడుతుంది. కాలేజం, మాంసం తినేవాళ్ళకు ఇనుము తేలికగా అందుతుంది. కానీ ఖాళీ అయిన గాదె తిండితోనే నిండాలంటే ఏళ్ళు పడుతుంది, ఎందుకంటే రోజుకు మనం ఒంటబట్టించుకునేది ఒకటి రెండు మిల్లీగ్రాములే.

మాత్రల్లో ఒక కిటుకుంది. గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అది వేసుకోగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను వదులుతుంది. అది పేగుల తలుపు మూసేస్తుంది, మర్నాటి మాత్రకు ఆ తలుపు సగమే తెరుచుకుంటుంది. అందుకే రోజు విడిచి రోజు వేసుకుంటే మాత్రకింత అని ఒంటబట్టేది పెరుగుతుందనీ, కడుపులో వికారం తగ్గుతుందనీ పరిశోధనల్లో తేలింది. గర్భిణులు మాత్రం డాక్టరు చెప్పినట్టే వేసుకోవాలి. టీ, పాలు, కాల్షియం మాత్ర దీనికి దూరంగా ఉండాలి. నిమ్మరసం మంచిదే.

నాకు మాత్రలు సరిపడలేదు. నాలుగు నెలలకు 19 కాస్తా 27 అయింది, మలబద్ధకం మాత్రం వందకు వంద మార్కులు తెచ్చుకుంది. చివరికి నరం ద్వారా ఎక్కించే ఇనుము, ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే మందు రాశారు. ఐరన్ సుక్రోజ్ కూడా ఉంది, ధర తక్కువ, కానీ ఒక విడతలో 200 మిల్లీగ్రాములే ఇస్తారు కాబట్టి నాలుగైదు సార్లు తిరగాలి. నాకు రాసినదైతే ఒక్కసారే 1000 మిల్లీగ్రాములు. అయినా మా వైపు "నీరసంగా ఉంది, ఒక బాటిల్ ఎక్కించండి" అని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు పెట్టించుకున్నంత తేలిక కాదిది. అరుదుగానైనా ప్రాణం మీదికి వచ్చే అలర్జీ రావచ్చు. ఆక్సిజన్, అడ్రినలిన్ చేతికందే చోటనే ఎక్కించుకోవాలి. గర్భం మొదటి మూడు నెలల్లో, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఇవ్వరు.

సెలైన్‌లో కలిపేసరికి ఆ మందు చిక్కటి కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. గొట్టంలో ఆ గోధుమరంగు గీత నెమ్మదిగా దిగుతూ నా చేతిని చేరేదాకా చూస్తూ కూర్చున్నాను. నర్సు ముందు ఉత్తి సెలైన్ పోనిచ్చి, సూది చుట్టూ ఉబ్బుతోందేమోనని వేలితో నొక్కి చూసింది. ఆ జాగ్రత్త ఎందుకంటే, మందు నరం బయటికి కారితే చర్మం మీద ఏళ్ళ తరబడి పోని గోధుమరంగు మచ్చ పడుతుంది. ఐదో నిమిషంలో ముఖం వేడెక్కింది, ఛాతీ పట్టేసినట్టయింది. నర్సు వెంటనే మందు ఆపింది. బీపీ, ఊపిరి చూసి పదిహేను నిమిషాల తర్వాత నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టింది. ఇది అలర్జీ కాదట, కొందరికి వచ్చి దానంతటదే పోతుందట. ఆ తేడా తెలిసిన మనిషి పక్కన ఉండటమే ఆసుపత్రికి వెళ్ళడంలో సగం లాభం. అయిపోయాక అరగంట కూర్చోబెట్టి పంపారు.

ఆ రాత్రి ఏమీ కాలేదు. తర్వాతి రెండు వారాలూ కాలేదు. డబ్బు దండగయిందని ఇంట్లో అనుకున్నారు. ఇనుము మెదడుకు చేరడానికి వ్యవధి కావాలి. నాలుగు నుంచి ఆరు వారాలు, కొందరికి పన్నెండు వారాలు పడుతుంది. కొందరికి అసలు పనిచేయదు, అదీ నిజమే. నాకు ఐదో వారంలో ఒకరోజు తెల్లారి పాలవాడి గంటకు మెలకువ వచ్చింది. రాత్రి లేచి నడిచిన గుర్తు లేదు. వెంటనే ఫెరిటిన్ చేయిస్తే అంకె ఆకాశంలో ఉంటుంది, రెండు నెలలు ఆగి చూడాలి. ఈ మందుతో రక్తంలో ఫాస్ఫేట్ తగ్గే అవకాశం ఉంది కాబట్టి, మళ్ళీ మళ్ళీ ఎక్కించుకునేవారు నీరసం, ఎముకల నొప్పి ఉంటే అది కూడా చూపించుకోవాలి.

గాదె నింపేముందు కన్నం ఎక్కడుందో వెతకడం అసలు పని. నాకు నెలసరి రక్తస్రావం ఎక్కువ. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవారికి కొంకిపురుగులు, మరికొందరికి మొలలు, కడుపులో పుండు. మగవాళ్ళలో, ముట్లుడిగిన ఆడవాళ్ళలో కారణం లేకుండా ఇనుము తగ్గితే పేగుల క్యాన్సర్ కాదని తేల్చుకునేదాకా ఊరుకోకూడదు. జలుబుకు వాడే మత్తునిచ్చే అలర్జీ మాత్రలు, వాంతులు ఆపే మెటోక్లోప్రమైడ్, కొన్ని డిప్రెషన్ మందులు కాళ్ళను మరింత రెచ్చగొడతాయి. డోపమిన్‌లా పనిచేసే ప్రమిపెక్సోల్ వంటివి మొదట బ్రహ్మాండంగా పనిచేసి, ఏళ్ళు గడిచేకొద్దీ జబ్బునే ముదరబెట్టవచ్చు. అమెరికా నిద్రవైద్యుల సంఘం 2025 మార్గదర్శకాల్లో వాటిని వెనక్కి నెట్టి, గాబాపెంటిన్, ప్రిగాబలిన్ అనే నరాల మందులతో పాటు నాకు ఎక్కించిన ఈ ఇనుమును ముందుకు తెచ్చింది. ఇప్పటికే ప్రమిపెక్సోల్ వంటివి వాడుతున్నవారు మాత్రం సొంతంగా ఆపేయకూడదు, ఆపితే రాత్రులు నరకమవుతాయి.

మొన్నటి పరీక్షలో నాకు 64 వచ్చింది. కాళ్ళు వారానికి ఒకసారి పలకరిస్తున్నాయి. మళ్ళీ ఎక్కించే ముందు మూడు నెలలు మాత్రతో చూద్దామన్నారు డాక్టరు. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున్నే మాత్ర వేసుకుంటున్నాను. ఆ మూడు రోజులూ టీ రెండు గంటలు ఆలస్యం. అర్ధరాత్రి పచార్లకంటే అదే కష్టంగా ఉంది.