పొద్దుటి తుమ్ములకు కారణం పరుపులో వెతకాలి

విశాఖపట్నంలో ఎవరికైనా నిద్ర లేవగానే వరసగా తుమ్ములు వచ్చి ముక్కు నుంచి నీరు కారితే, నింద ముందుగా ఓడరేవు మీద పడుతుంది. పాతనగరం ఇళ్లలో కిటికీ చువ్వల మీద, ఆరేసిన బట్టల మీద పేరుకునే నల్లటి పొడిని చూసినవారు అలా అనుకోవడం సహజమే. అక్టోబరు, నవంబరు నెలల్లో అయితే 2014 నాటి హుద్‌హుద్ తుపాను తరువాత రోడ్ల వెంబడి విరివిగా నాటిన ఏడాకుల పాల చెట్ల ఘాటు వాసన కూడా ఆ నిందలో వాటా పొందుతుంది. బొగ్గుపొడి, ఘాటు వాసన ముక్కును మండించే మాట నిజమే గాని, మంట వేరు, అలర్జీ వేరు.

అలర్జీ ఉన్నవారి శరీరం హాని లేని ఒక ప్రోటీన్‌ను శత్రువుగా భావించి, దానికోసం ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. అవి ముక్కు పొరలోని మాస్ట్ కణాలను అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ ప్రోటీన్ మళ్లీ తగిలిన కొద్ది నిమిషాలకే ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వెదజల్లడంతో దురద, తుమ్ములు మొదలవుతాయి. మరికొన్ని గంటలకు ఇతర తెల్లరక్త కణాలు కూడా చేరి పొరను వాపెక్కిస్తాయి. తుమ్ములు తగ్గినా దిబ్బడ వదలకపోవడానికి కారణం ఇదే.

ఏడాది పొడవునా, ముఖ్యంగా పొద్దుటిపూట బాధపడేవారి విషయంలో మొదట అనుమానించవలసినది ఇంటిదుమ్ములో ఉండే మైట్‌ను. సాలీడుకు దూరపు బంధువైన ఈ జీవి పొడవు సుమారు 0.3 మిల్లీమీటర్లు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తింటూ పరుపులో, తలగడలో బతుకుతుంది. అది నీరు తాగదు, గాలిలోని తేమనే పీల్చుకుంటుంది. తేమ చాలాకాలం 50 శాతం లోపే ఉంటే అది ఎండి చస్తుంది గాని, సముద్రపు గాలి వీచే ఈ నగరంలో దానికి ఆ కష్టం రావడం అరుదు. దాని మలంలోని ప్రోటీన్లే ప్రధాన దోషులు కాబట్టి, పరుపును ఎండలో వేసి పురుగును చంపినంత మాత్రాన సరిపోదు. దుప్పట్లను, గలీబులను వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకాలి. అయినా శుభ్రత ఒక్కటే ఈ జబ్బును అదుపు చేయడం తక్కువ.

మందులలో ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రేది పైచేయి. స్టెరాయిడ్ అనగానే మనవారు భయపడతారు గాని, ఫ్లూటికాసోన్, మోమెటాసోన్ వంటివి రక్తంలోకి చేరేది అత్యల్పం. తల కాస్త ముందుకు వంచి, ఎడమ ముక్కుపుటంలోకి కుడిచేత్తో, కుడి ముక్కుపుటంలోకి ఎడమచేత్తో, మొనను చెవి వైపుకు తిప్పి కొట్టాలి. నడిమి గోడకు తగిలేలా కొడితే రక్తం కారే ప్రమాదం ఉంది. పూర్తి ఫలితానికి రోజూ వాడినా రెండు వారాలు పట్టవచ్చు. చాలామంది నాలుగో రోజుకే మానేసి, మందు పనిచేయలేదంటారు.

దిబ్బడను క్షణాల్లో విడగొట్టే ఆక్సీమెటజోలిన్ చుక్కలను మాత్రం అయిదు రోజులకు మించి వాడకూడదు, ఆపైన అవే దిబ్బడను తెచ్చిపెడతాయి. మందుల దుకాణంలో చీటీ లేకుండా కొని నెలల తరబడి మింగే మాంటెలుకాస్ట్ అనే అలర్జీ మాత్రల పట్ల కూడా జాగ్రత్త అవసరం. మనసుపై వాటి దుష్ప్రభావాల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో తీవ్ర హెచ్చరిక జారీచేసింది. తుమ్ములతోపాటు రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు ఉంటే ఉబ్బసం కూడా ఉండవచ్చు కాబట్టి, డాక్టరుతో ఊపిరితిత్తులను కూడా పరీక్ష చేయించుకోవాలి.